గోధుమ మానేసినా దిగని టీటీజీ: చీజ్ దగ్గర మొదలై శాండ్‌విచ్ మేకర్ దాకా వెళ్లిన ఒక సీలియాక్ కేసు

(కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాం. ఊరు కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతంలోని ఒక పట్టణం.)

నేపథ్యం

పాపకు పదేళ్లు నిండవస్తున్నాయి. తోటి పిల్లల కంటే పొట్టి. నెలల తరబడి ఐరన్ సిరప్ వాడినా హిమోగ్లోబిన్ పెరగలేదు. అన్నం తిన్నా, రొట్టె తిన్నా కడుపుబ్బరం. పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ రాయించిన పరీక్షల్లో టీటీజీ ఐజీఏ (సీలియాక్ ఉంటే రక్తంలో పెరిగే యాంటీబాడీ) ల్యాబ్ హద్దుకు పన్నెండు రెట్లు వచ్చింది. ఒంట్లో ఆ రకం యాంటీబాడీల మొత్తం, అంటే మొత్తం ఐజీఏ, మామూలుగానే ఉంది కాబట్టి ఆ అంకెను నమ్మవచ్చు. ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి తీసిన ముక్కల్లో విల్లై (పోషకాలను పీల్చుకునే వేళ్లలాంటి సన్నని మొలకలు) చదునుగా ఉన్నట్టు తేలింది. సీలియాక్ వ్యాధి, అంటే గోధుమలాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు, ఖాయమైంది. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం జన్మంతా మానాలి.

ఈ కుటుంబానికి ఒక అనుకూలత ఉంది. ఇంట్లో అవ్వ ఉంది. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం ఆ వంటింటికి కొత్త కాదు. చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ ఉప్మా తీసేస్తే పాపకు కడుపునిండా తిండి మిగిలే ఉంది. మొదటి నెలలోనే రెండు పెద్ద దారులు మూసేశారు. ఊరి మరలో గోధుమలు పట్టిన వెంటనే మన జొన్నలు పోస్తే మొదటి కిలో పిండిలో గోధుమపిండి కలిసి వస్తుంది. అందుకని ఇంట్లోనే చిన్న పిండిమర పెట్టుకున్నారు. డబ్బా ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు. దాన్ని పారేసి, తాలింపుకు వెల్లుల్లితోనే సరిపెట్టుకున్నారు. ఆరో నెల పరీక్షలో టీటీజీ నాలుగు రెట్లకు దిగింది. బరువు పెరిగింది. దారి సరిగానే ఉంది.

వచ్చిన సమస్య

ఏడాది నిండాక చేసిన పరీక్షలో టీటీజీ ఐదు రెట్లు. అంటే దిగాల్సింది ఆగిపోయి, కొంచెం పైకి కూడా పోయింది. బరువు కదల్లేదు. తిన్న గంటా రెండు గంటలకు కడుపు ఉబ్బడం, మెలిపెట్టడం మళ్లీ మొదలైంది.

తల్లికి అనుమానం చీజ్ మీద. "చీజ్ తింటే చాలు మేడమ్, కడుపు ఉబ్బరిస్తాంది" అంది. బంధువుల్లో ఒకరు చీజులన్నిట్లో మైదా ఉంటుందన్నారు, ఇంకొకరు పాలతో చేసేదాంట్లో గోధుమ ఎందుకుంటుందన్నారు. ఏది నమ్మాలో తెలియక మూడు వారాలుగా చీజ్, పనీర్, పాలు అన్నీ ఆపేసి వచ్చారు. ఉబ్బరం తగ్గిందట. దాంతో చీజే కారణమని ఇంటిల్లిపాదీ తేల్చుకున్నారు.

ఆ నిర్ణయాన్ని అక్కడితో ఒప్పుకోకపోవడానికి కారణాలున్నాయి. సీలియాక్‌లో పేగు గోడ దెబ్బతిన్నప్పుడు పాలచక్కెరను అరిగించే లాక్టేజ్ కూడా తగ్గుతుంది. అప్పుడు పాలు తాగితే వచ్చే ఉబ్బరం గ్లూటెన్ వల్ల వచ్చే ఉబ్బరంలాగే ఉంటుంది. ఒకే రోజు పాలూ చీజూ రెండూ ఆపితే తగ్గింది దేనివల్లో చెప్పలేం. పైగా లాక్టోజ్ వల్ల టీటీజీ పెరగదు. ఆ అంకె ఐదు రెట్లుంది కాబట్టి గ్లూటెన్ ఎక్కడి నుంచో లోపలికి వస్తోంది. అంటే ఇక్కడ రెండు సమస్యలు ఉండవచ్చు, రెండిటికీ చీజ్ మీదే నింద పడి ఉండవచ్చు.

కాల్షియం సంగతి మరీ ముఖ్యం. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం 7 నుంచి 9 ఏళ్లకు రోజుకు 650 మిల్లీగ్రాములు, పదేళ్లు దాటితే 850 కావాలి. పాలు, పెరుగు, చీజ్ ఆపాక ఈ పాపకు వస్తున్నది 60 గ్రాముల రాగిపిండి నుంచి సుమారు 210, ఆకుకూరలూ పప్పులూ కలిపి ఇంకో నూటికి అటూ ఇటూ. ఎముకలు పెరిగే వయసులో, అసలే పేగు దెబ్బతిని కాల్షియం సరిగ్గా ఒంటబట్టని పిల్లకు సగం కూడా అందడం లేదు. 30 గ్రాముల గట్టి చీజ్‌లో సుమారు 200 మిల్లీగ్రాములు దొరుకుతుంది. రుజువు లేకుండా దాన్ని శాశ్వతంగా తీసేయడం పిల్లకు నష్టం.

మొదటి వెతుకులాట: ఏ చీజ్?

ఆరో నెలకూ ఏడాదికీ మధ్య ఇంట్లో ఏం మారిందనేది మొదటి ప్రశ్న. పిండిమర మారలేదు, ఇంగువ తిరిగి రాలేదు. మారింది ఒకటే. స్కూల్లో స్నేహితులు పిజ్జాలు, శాండ్‌విచ్‌లు తెచ్చుకుంటుంటే చూసి పాప అడగడం మొదలుపెట్టింది, తల్లి జొన్నపిండితో పిజ్జా, చీజ్ కారం దోశ, పనీర్ కూర చేయడం మొదలుపెట్టింది. అందుకే ఇంట్లో ఉన్న చీజ్ కవర్లు, డబ్బాలు, ఖాళీవి కూడా సంచిలో వేసుకుని తెమ్మన్నాం.

సంచిలోవి చూసే ముందు చీజ్ గురించి ఒక మాట. పాలు, ఉప్పు, పాలను విరగ్గొట్టే రెన్నెట్, పులియబెట్టే కల్చర్ — అసలు చీజ్‌కు కావాల్సినవి ఇవే. వీటిలో గ్లూటెన్ లేదు. ప్రాసెస్డ్ చీజ్‌లో సోడియం సిట్రేట్ లాంటి ఎమల్సిఫయర్ లవణాలు, సిట్రిక్ యాసిడ్, జాఫ్రా రంగు, నిల్వ ఉంచే పదార్థాలు చేరుతాయి. వీటిలోనూ లేదు. ఫ్యాక్టరీ వదిలిన గడ్డను ఎవరైనా కోసినప్పుడు, తురిమినప్పుడు, అతుక్కోకుండా పిండి అద్దినప్పుడు, మసాలా కలిపినప్పుడు, చౌకగా పెంచడానికి స్టార్చ్ పోసినప్పుడు గ్లూటెన్ వచ్చి చేరే అవకాశం పుడుతుంది. చీజ్ మీద ఎన్ని చేతులు పడితే అంత అనుమానించాలి.

సంచిలో సీలు చేసిన 200 గ్రాముల గడ్డ కవరు, స్లైసుల కవరు ఉన్నాయి. రెండిటి మీదా అలర్జీ హెచ్చరికలో పాలు తప్ప ఇంకేమీ లేదు. మన దేశంలో 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ, బార్లీ, రై, ఓట్స్ లాంటి గ్లూటెన్ ధాన్యాలు పదార్థాల్లో ఉంటే ప్యాకెట్ మీద చెప్పి తీరాలి. కాబట్టి సక్రమమైన లైసెన్సు నంబరున్న సీలు ప్యాకెట్ మీద ఆ పేర్లు లేకపోతే కావాలని కలపలేదని నమ్మవచ్చు. "గ్లూటెన్ ఫ్రీ" అని రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఆ మాట లేనంత మాత్రాన చీజ్ గడ్డను పక్కన పెట్టనక్కర్లేదు. "గోధుమ ఉండవచ్చు" అని రాసి ఉంటే మాత్రం సీలియాక్ ఉన్నవాళ్లు కొనకూడదు.

తేడా ఉన్నవి మిగతావి. పేరు, లేబులు లేని పాలిథిన్ కవర్లో చీజ్ తురుము. అది వీధి చివరి బేకరీది. కిలో గడ్డ కొంటే వాడేలోగా పాడవుతుందని, 200 గ్రాముల గడ్డ కంటే చౌకగా వస్తుందని తల్లి అక్కడ తురుము కొంటోంది. ఇంకొకటి వెల్లుల్లి రుచి ఉన్న చీజ్ స్ప్రెడ్ డబ్బా. లేబుల్‌లో గోధుమ లేదు, కానీ మూత తీస్తే అంచుకు బ్రెడ్ పొడి అంటుకుని ఉంది. అన్న బ్రెడ్డుకు రాసిన కత్తినే మళ్లీ డబ్బాలో ముంచుతున్నాడు. మూడోది పాప్‌కార్న్ మీద చల్లే చీజ్ మసాలా పొడి. చిన్న అక్షరాల్లో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంది. మాల్ట్ అంటే బార్లీ. అది ఆ రోజే చెత్తబుట్టలో పడింది. చివరిది విడిగా అమ్మే పనీర్.

తురుముకూ పనీర్‌కూ అయోడిన్ పరీక్ష ఇంట్లోనే చేయించాం. చెంచాడు నమూనాను కొంచెం నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లార్చి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు మూడు చుక్కలు వేయాలి. వేడి మీద వేస్తే రంగు సరిగా నిలవదు. నీలం వస్తే స్టార్చ్ ఉన్నట్టు. పనీర్ మారలేదు, తురుము ముదురు నీలమైంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. అయోడిన్ పట్టేది స్టార్చ్‌ను, గ్లూటెన్‌ను కాదు. నీలం తెచ్చింది కార్న్‌ఫ్లోర్ కావచ్చు, బంగాళదుంప స్టార్చ్ కావచ్చు, మైదా కావచ్చు. నీలం రాకపోయినా బ్రెడ్ కోసిన కత్తి తగల్లేదని చెప్పలేం. ఆ పరీక్ష మాకు ఉపయోగపడింది ఇంతవరకే: తురుముకు ఏదో పిండి అద్దారు, అదేం పిండో చెప్పే లేబుల్ లేదు. తల్లి వెళ్లి అడిగితే, అతుక్కోకుండా చేతికందిన పిండి చల్లుతామని చెప్పారు. తురిమేది కూడా బ్రెడ్ పొడి చేసే యంత్రంలోనే.

లెక్క వేసి చూస్తే దీని బరువు తెలుస్తుంది. వంద గ్రాముల తురుముకు రెండు గ్రాముల మైదా చల్లారనుకుందాం. మైదాలో పదో వంతు గ్లూటెన్ అనుకుంటే అది 200 మిల్లీగ్రాములు. పిజ్జా మీద 40 గ్రాముల తురుము వేస్తే పాప కడుపులోకి 80 పోతుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు కొన్ని నెలలపాటు తిన్నా సీలియాక్ ఉన్నవారి పేగు దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. కంటికి కనిపించని ఆ పొడి చాలు.

చేసి చూసి వదిలేసినవి

తల్లికి ఇంట్లోనే మొజరెల్లా చేయాలని పట్టుదల. ఎనుము పాలు ఇంటి ముందుకే వస్తాయి. పచ్చిపాలను 45 డిగ్రీల దాకా వేడి చేసి, వెనిగర్ పోసి, విరిగిన ముద్దను వేడి నీళ్లలో సాగదీయడం ఆ పద్ధతి. ఆ వేడికి బ్రుసెల్లా లాంటి క్రిములు చావవు. అందుకే ముందు పాలను 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, చల్లార్చి, తర్వాత చేయమన్నాం. థర్మామీటర్ లేకుండా ఇది కుదరదు. పాలు ఎక్కువ కాగితే ముద్ద సాగదు, పిండిలా రాలిపోతుంది. వెనిగర్ ఎక్కువైనా అంతే. ప్యాకెట్ పాలతో, ముఖ్యంగా హోమోజినైజ్ చేసినవాటితో, అసలు కుదరలేదు. ఉద్యోగానికి పోయే తల్లి రోజూ చేయగలిగే పని కాదది. సీలు గడ్డ సురక్షితంగా దొరుకుతున్నప్పుడు ఇంత శ్రమ అక్కర్లేదని వదిలేశాం. వెనిగర్ విషయంలో ఒక జాగ్రత్త: మాల్ట్ వెనిగర్ బార్లీతో చేస్తారు, అది వాడకూడదు. మామూలు తెల్ల వెనిగర్ లేదా నిమ్మరసం చాలు.

పనీర్ మాత్రం ఇంట్లోనే చేయడం స్థిరపడింది. లీటరు వెన్న తీయని పాలు పొంగు వచ్చేదాకా కాచి, దించి రెండు నిమిషాలాగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని అన్నే నీళ్లు కలిపి కొద్దికొద్దిగా పోయాలి. తేట పచ్చగా వేరుపడగానే ఆపాలి. ఇంకా పోస్తే గట్టిపడి రబ్బరులా అవుతుంది. కొత్త మస్లిన్ గుడ్డలో వడకట్టి, చల్లటి నీళ్లు పోసి, బరువు పెడితే 180 నుంచి 200 గ్రాములు వస్తుంది. ఆ గుడ్డను పిండి జల్లించడానికి వాడకూడదు.

లాక్టోజ్ అనుమానాన్ని విడిగా పరీక్షించాం. మూడు రోజులు రోజుకు 20 గ్రాముల సీలు గడ్డ చీజ్, జొన్నరొట్టె మీద, వేరే ఏ పాల పదార్థమూ లేకుండా. ఉబ్బరం రాలేదు. తర్వాత చీజ్ ఆపి రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు. మొదటి రోజు సాయంత్రానికే ఉబ్బరం. గట్టి చీజ్‌లో పాలచక్కెర చాలావరకు తేటతో పోతుంది, మిగిలింది కల్చర్ తినేస్తుంది. పాలలో వంద మిల్లీలీటర్లకు దాదాపు ఐదు గ్రాములు ఉంటుంది. అంటే తల్లి చూసిన ఉబ్బరం నిజమే, కానీ కడుపుబ్బరానికి పాలు కారణం, టీటీజీకి ఇంకేదో కారణం. ఈ రెంటినీ విడదీశాక కుటుంబానికి చీజ్ అంటే భయం పోయింది. పెరుగు, గట్టి చీజ్ ముందు మొదలుపెట్టి, పనీర్ తర్వాత, పాలు చివర్లో, అదీ 50 మిల్లీలీటర్ల నుంచి పెంచాం.

ఇంతా చేసి మూడు నెలల తర్వాత టీటీజీ మూడున్నర రెట్లు. తగ్గింది, కానీ పెద్ద మార్పు చేసిన ఇంట్లో ఆశించినంత కాదు. యాంటీబాడీలు నెమ్మదిగానే దిగుతాయి కాబట్టి ఓపిక పట్టమని చెప్పవచ్చు. అలా చెప్పకపోవడానికి కారణం పాప మాట: స్కూలుకు తీసుకెళ్లే టిఫిన్ తిన్న రోజుల్లోనే నొప్పి వస్తోందంది. ఇంట్లో తిన్న అదే దోశకు రావడం లేదు.

అసలు దొరికింది

ఆహార డైరీలో "దోశపిండి శాండ్‌విచ్, చీజ్ గడ్డ నుంచి తురిమింది" అని ఉంది. పదార్థాలన్నీ శుభ్రం. డైరీలో ఏం తిన్నారో ఉంటుంది, దేని మీద వండారో ఉండదు. అందుకే పొద్దున టిఫిన్ తయారీ మొదటి నుంచి చివరిదాకా ఫోన్లో వీడియో తీయమన్నాం.

వీడియోలో దోశపిండిని శాండ్‌విచ్ మేకర్‌లో పోసి, మధ్యలో చీజ్ పెట్టి మూత మూస్తున్నారు. అదే శాండ్‌విచ్ మేకర్‌లో తండ్రికీ అన్నకూ బ్రెడ్ కాలుస్తారు. గడుల అంచుల్లో నల్లబడిన బ్రెడ్ పొడి స్పష్టంగా కనిపిస్తోంది. "తుడుస్తానే ఉంటిని కదమ్మా" అంది అవ్వ. తుడిస్తే పైది పోతుంది, గాళ్లలోది పోదు. విద్యుత్ పరికరం కాబట్టి నీళ్లలో నానబెట్టి తోమలేరు. పైగా కరిగిన చీజ్ బంకలా ఆ పొడినంతా లాక్కుంటుంది. ఒట్టి దోశ కంటే చీజ్ ఉన్న దోశకే ఎక్కువ అంటుతుంది. చీజ్ తిన్నప్పుడే నొప్పి ఎందుకొచ్చేదో ఇక్కడ అర్థమైంది. అర గ్రాము బ్రెడ్ పొడిలో సుమారు 40 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది, అదీ వారానికి నాలుగైదు రోజులు.

పనిచేసినవి

ఆ శాండ్‌విచ్ మేకర్ మిగతావాళ్లకే ఉంచి, పాపకు కొత్త ఇనుప పెనం, దాని మీద నొక్కడానికి చిన్న బరువైన గిన్నె కేటాయించారు. పాత నాన్‌స్టిక్ పెనం గీతలు పడింది, చపాతీకి వాడింది కాబట్టి వద్దన్నాం. తురుముపీట, చెక్క గరిట, చీజ్ డబ్బా పాపవి వేరు. ఎర్ర టేపు చుట్టి పై అరలో పెట్టారు. చపాతీ పిండి కలిపే రోజు పాప వంట ముందు అయిపోవాలి, ఎందుకంటే గాల్లో లేచిన పిండి గంటసేపు గట్ల మీద వాలుతూనే ఉంటుంది. స్ప్రెడ్ డబ్బాలు రెండు కొన్నారు, ఒకటి పాపకే.

చీజ్ కొనేది సీలు గడ్డే. ప్రతిసారీ లేబుల్ చదవాలి, ఎందుకంటే కంపెనీలు పదార్థాలు మారుస్తుంటాయి. సీలు చేసిన ఫ్యాక్టరీ తురుములో సెల్యులోజ్, అంటే ఐఎన్ఎస్ 460, లేదా బంగాళదుంప స్టార్చ్ ఉంటే ఇబ్బంది లేదు; అయినా గడ్డే చౌక. చీజ్ అనలాగ్ అని రాసి ఉన్నవి కూరగాయ నూనె, స్టార్చ్‌తో చేసినవి. గ్లూటెన్ లేకపోయినా కాల్షియం కోసం చీజ్ పెడుతున్నప్పుడు వాటితో పనిలేదు.

గడ్డను తురిమేముందు ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే పీటకు అతుక్కోదు. వంద గ్రాముల తురుముకు ఇంట్లో పట్టిన బియ్యప్పిండి ఒక చిన్న చెంచా కలిపి, 40 గ్రాముల చొప్పున పలుచగా పరిచి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు పొడిపొడిగా ఉంటుంది. బేకరీ తురుము కొనాల్సిన అవసరమే లేకుండా పోయింది. పిజ్జాకు మొజరెల్లా గడ్డ, దోశకూ సాస్‌కూ ప్రాసెస్డ్ గడ్డ. ప్రాసెస్డ్ చీజ్ మెత్తగా కరుగుతుంది కానీ తీగలా సాగదు, సాగడం లేదని ఇంకా కాల్చితే నూనె వదిలి గట్టిపడుతుంది.

జొన్న పిజ్జాకు కప్పు జొన్నపిండి, పావు కప్పు బియ్యప్పిండి, ఉప్పు, మరిగే నీళ్లు. రొట్టె తట్టినట్టే కొంచెం మందంగా తట్టి, రెండు వైపులా ముందే పూర్తిగా కాల్చాలి. పచ్చిగా ఉండగా చీజ్ వేస్తే పైన కరిగేలోగా అడుగు మాడుతుంది, మధ్య పచ్చిగానే ఉంటుంది. తర్వాత టమాటా గుజ్జు, చీజ్ వేసి, మూత పెట్టి, సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు. మైదా లేని తెల్ల సాస్‌కు 250 మిల్లీలీటర్ల పాలలో ఒకటిన్నర పెద్ద చెంచా బియ్యప్పిండి చల్లగా ఉండగానే కలిపి కాచి, చిక్కబడ్డాక దించి, 60 గ్రాముల తురుము అప్పుడు వేయాలి. పొయ్యి మీద ఉడుకుతుండగా వేస్తే రవ్వరవ్వగా విరుగుతుంది. ఈ సాస్ పాలు పడేదాకా పాపకు పెట్టలేదు.

శాండ్‌విచ్ మేకర్ ఆపిన ఆరు నెలలకు టీటీజీ ఒకటిన్నర రెట్లు, ఏడాదికి హద్దు లోపల. మూడో నెల నుంచి కడుపునొప్పి లేదు. ఐదో నెలకు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇబ్బంది లేకుండా పట్టాయి. పేగు మానుతున్న కొద్దీ లాక్టేజ్ తిరిగి వస్తుందనడానికి ఇదే ఆధారం. అప్పటికి 30 గ్రాముల చీజ్, 150 గ్రాముల పెరుగు, పాలు, రాగి సంగటి కలిపి కాల్షియం 800 దాటింది. బరువు, ఎత్తు రెండూ కదిలాయి.

నేర్చుకున్నవి

ఒక ఆహారం మీద అనుమానం వచ్చినప్పుడు దాన్ని తీసేసి తగ్గిందా అని చూడటం సులువు. కానీ పాలు, చీజ్, బయటి తిండి ఒకేసారి తీసేస్తే వచ్చే మెరుగు దేనిదో తెలియదు. ఒక్కొక్కటిగా, మూడేసి రోజులు, కొలిచిన మోతాదుతో తిరిగి పెట్టి చూడాలి. గంటల్లో వచ్చే ఉబ్బరాన్నీ నెలల్లో కదిలే టీటీజీని ఒకే కారణానికి ముడిపెట్టకూడదు.

డైరీతో పాటు వంట వీడియో అడగడం ఈ కేసు తర్వాత మా దగ్గర అలవాటైంది. పదార్థాలు శుభ్రంగా ఉండి అంకె దిగని ప్రతి ఇంట్లో పెనం, టోస్టర్, గరిట, డబ్బా, నూనె మూకుడు చూడాలి. కరిగేవి, జిగటగా ఉండేవి వండే పాత్రలను ముందు చూడాలి.

పాప ఇప్పుడు అడుగుతున్నది బయట పిజ్జా షాపుకు వెళ్లడం గురించి. గ్లూటెన్ లేని బేస్ ఉందన్న చోట కూడా అదే ఓవెన్, అదే కోత చక్రం, మైదా అంటిన చేతులు. అక్కడ వద్దన్నాం. పుట్టినరోజుకు స్నేహితులందరినీ ఇంటికి పిలిచి అందరికీ జొన్న పిజ్జానే పెట్టమన్నాం. ఆ రోజు ఇంట్లోకి మైదా రాకూడదని తల్లి ముందే బంధువులకు చెప్పి ఉంచింది. తర్వాతి టీటీజీ పరీక్ష ఏడాదికి ఉంది, దాంతో పాటు విటమిన్ డి, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా రాయించాం.